మార్టిను లూథరు: దైవభీతియు దైవప్రేమయు

మన పాఠశాల విద్యార్థులలో మార్టిను లూథరు పేరు విననివారు అరుదు. ఐరోపా చరిత్రపాఠమున పోపును ఎదిరించిన ధీరుడుగా ఆయనను ఎరిగియుందురు. పోపును ఎదిరించుటకు పూర్వము ఆయన ఏండ్ల తరబడి దేవునితోనే పెనుగులాడెనను సంగతి పరీక్షలలో అడుగబడదు గనుక పలువురు దానిని గమనింపరు. పరిశుద్ధుడైన దేవుడు పాపిని ఎట్లు ప్రేమింపగలడు? ప్రేమించినయెడల ఆయన పరిశుద్ధత ఏమగును? ఈ ప్రశ్నలు లూథరును ఎట్లు వెంటాడెనో, ఎక్కడికి చేర్చెనో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నడి జర్మనీయందలి ఐస్లెబెన్ అను చిన్న పట్టణమున 1483వ సంవత్సరము నవంబరు 10వ తేదీన ఆయన జన్మించెను. మరునాడు మార్టిను అను భక్తుని పండుగ. ఆ దినముననే బాప్తిస్మమిప్పించి ఆ పేరే పెట్టిరి. తండ్రి హాన్సు సేద్యగాండ్ర కుటుంబమునుండి వచ్చి, మాన్స్‌ఫెల్డు పట్టణమున రాగిగనులలో చెమటోడ్చి, క్రమముగా రాగి కరగించు కొలుములు నడుపు స్థితికి వచ్చినవాడు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి కుటుంబమునకు పేరు తేవలెనని ఆయన కోరిక. తల్లి మార్గరేతె భక్తిగలది, శిక్షలో కఠినురాలు. ఒక చిన్న కాయ దొంగిలించినందుకు నెత్తురు కారునట్లు ఆమె తన్ను కొట్టెనని లూథరు పెద్దవాడైన తరువాత తలచుకొనెను. బడిలో సయితము అదే తీరు. ఎవరును నేర్పని లాటిను పాఠము ఒప్పజెప్పలేకపోయినందుకు ఒక్క ఉదయమున 15 మారులు బెత్తపు దెబ్బలు తినెనట. ఉపాధ్యాయవృత్తిలోనున్న మాబోటివారు ఈ వాక్యమును రెండుమారులు చదువుకొనదగును.

తల్లిదండ్రులు తన మేలు కోరియే అట్లు చేసిరని ఆయన ఎన్నడును మరువలేదు. అయినను కొట్టుచేతిని చూచి పెరిగిన పిల్లవానికి దేవుని చేయియు అట్టిదే యని తోచుట వింతగాదు. ఆ కాలపు దేవాలయములలోని చిత్రములును ఆ తలంపునే బలపరచుచుండెను. ఇంద్రధనుస్సుమీద క్రీస్తు న్యాయాధిపతిగా కూర్చుండును. ఒక ప్రక్క లిల్లీపువ్వు, మరియొక ప్రక్క కత్తి. పిల్లవాడు పువ్వును చూడలేదు, కత్తిని చూచెను.

మాన్స్‌ఫెల్డు, మాగ్డెబర్గు, ఐసెనాకు బడులలో చదువు ముగించుకొని 1501లో ఎర్ఫుర్టు విశ్వవిద్యాలయమున ప్రవేశించి, 1505లో పట్టము పొంది, తండ్రి కోరిక ప్రకారము న్యాయశాస్త్రము ఆరంభించెను. ఆ సంవత్సరము జూలై 2వ తేదీన ఇంటినుండి ఎర్ఫుర్టునకు మరలి వచ్చుచుండగా స్టాటర్న్‌హైము గ్రామసమీపమున పెనుగాలివాన పట్టుకొనెను. పిడుగు ప్రక్కనే పడెను. మరణభయమున ఆయన గనిపనివారి సంరక్షకురాలని పేరొందిన పరిశుద్ధురాలైన అన్నమ్మను పిలిచి, బ్రదికినయెడల సన్న్యాసి నగుదునని మ్రొక్కుకొనెను. పదునైదు దినములలో ఆ మ్రొక్కు చెల్లించెను. జూలై 17వ తేదీన అగస్టీను మఠపు తలుపు ఆయన వెనుక మూయబడెను. తండ్రి మండిపడెను.

మఠమున లూథరు జీవించిన విధము సామాన్యమైనది కాదు. ఉపవాసములు, జాగరణములు, చలిలో కప్పుకొనక పరుండుట, ఏడువేళల ప్రార్థనలు. ఇవన్నియు ఇతరులును చేయుచుండిరి. ఆయన మాత్రము వానితో తృప్తిపడలేదు. ఒప్పుకొననిదే పాపము క్షమింపబడదని సంఘము బోధించెను గదా, మరి మరచిపోయిన పాపముమాట ఏమి? పాపమని తెలియకయే చేసిన పాపము సంగతి ఏమి? ఒక్కొక్కప్పుడు ఆరు గంటలసేపు పాపములొప్పుకొని, లేచి గదికి పోవుచు మరియొకటి జ్ఞాపకమురాగా వెనుకకు పరుగెత్తెడివాడు. మఠముల పెద్దయైన స్టౌపిట్సు ఓర్పుగలవాడు. అట్టివాడే విసిగి, ఇట్టి పిల్లచేష్టలు మాని నిజమైన పాపమేదైన తెమ్మని మందలించెనట. మరియొక సమయమున ఆయన చూపును తనమీదనుండి మరల్చి క్రీస్తు గాయములవైపు త్రిప్పుకొమ్మని హితవు చెప్పెను. ఆ మాట అప్పుడు లూథరునకు పూర్తిగా ఎక్కలేదు గాని, విత్తనము పడినది.

1507 మే నెలలో ఆయన గురువుగా తొలిపూజ చేసెను. తండ్రి ఇరువది గుఱ్ఱముల పరివారముతో వచ్చి మఠమునకు ధనముకూడ ఇచ్చెను. పూజ నడుమ, సజీవుడును నిత్యుడునైన దేవునితో మాటలాడవలసిన చోట, లూథరునకు వణకు పుట్టెను. భూపాలుర సముఖమున నిలుచుటకే జంకు మానవుడు, దుమ్మును బూడిదయునైనవాడు, ఆ మహిమ యెదుట నోరెట్లు తెరచును? బలిపీఠము విడిచి పారిపోవలెనని తోచెనని ఆయనయే చెప్పుకొనెను. విందువేళ తండ్రి మరియొక పోటు పొడిచెను. ఆ పిడుగు దేవుని పిలుపో, సాతాను మాయయో ఎవరికి తెలియును, తల్లిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞ సన్న్యాసులు చదువలేదా యని అడిగెను. ఆ ప్రశ్నకు లూథరు చాల సంవత్సరములు జవాబు వెదకెను.

ఇక్కడ కొంచెము నిలిచి ఆయన చిక్కు ఎట్టిదో చూడవలెను. ఆనాటి పండితులు కొందరు బోధించినది ఏమనగా, మానవుడు తన శక్తికొలది చేసినయెడల దేవుడు తన కృపను నిరాకరింపడు. వినుటకు ఎంతో ఊరటగా నున్నది. కాని శక్తికొలది చేసితినని ఎవడు నిశ్చయముగా చెప్పగలడు? ఇంకొక జాము మేల్కొనగలిగి యుండునేమో! అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. ధర్మశాస్త్రమంతటిలో ముఖ్యమైన ఆజ్ఞ పూర్ణహృదయముతో దేవుని ప్రేమింపవలెనని. శిక్షకు భయపడి చేయు ఉపవాసము ప్రేమ యగునా? నరకము తప్పించుకొనుటకై చేయు ప్రార్థన దేవునికొరకా, తనకొరకా? ఈ తీరున తరచి చూచుకొన్నకొలది తన పుణ్యకార్యములన్నిటి అడుగునను స్వార్థమే కనబడెను. తుదకు తాను దేవుని ప్రేమించుట లేదనియు, తీర్పు తీర్చు ఆ దేవునిపై లోలోపల పగ పెంచుకొనుచున్నాడనియు ఆయన కనుగొనెను. ఈ సంగతిని దాచక వ్రాసిపెట్టిన ధైర్యమునకే ఆయనను మెచ్చుకొనవలెను. దేవుని పరిశుద్ధతను తేలికగా తలచువారికి ఇట్టి బాధ పట్టదు.

మఠపు పనిమీద 1510లో రోమునకు పయనమయ్యెను. అచ్చటి పరిశుద్ధమైన మెట్లను మోకాళ్లమీద ఎక్కుచు, మెట్టు మెట్టునకు ప్రార్థన చెప్పి, గతించిన తాతయాత్మను ఉత్తరించు స్థలమునుండి విడిపింపగోరెను. పైకి చేరిన పిమ్మట ఇదంతయు నిజమో కాదో ఎవరెరుగుదురని సందేహము తోచెనట. తిరిగివచ్చిన తరువాత స్టౌపిట్సు ఆయనను విట్టెన్‌బర్గునకు పిలిపించి, 1512 అక్టోబరున వేదాంత పండితపట్టము ఇప్పించి, బైబిలు బోధించు పనిలో పెట్టెను. రోగికి వైద్యుని ఉద్యోగమిచ్చుట వంటిది ఈ యేర్పాటు. అయినను అదియే మందయ్యెను. 1513 మొదలు కీర్తనలు, 1515 మొదలు రోమీయులకు వ్రాసిన పత్రిక, పిమ్మట గలతీయుల పత్రిక, వరుసగా విద్యార్థులకు బోధించుచు వచ్చెను.

రోమీయుల పత్రిక మొదటి అధ్యాయము 17వ వచనమున దేవుని నీతి సువార్తయందు బయలుపరచబడుచున్నదని పౌలు చెప్పుచున్నాడు. ఆ నీతి అను మాటయే లూథరునకు ముల్లయ్యెను. దేవుడు నీతిమంతుడై పాపిని దండించు గుణమే నీతియని ఆయన నేర్చుకొనియుండెను. ధర్మశాస్త్రముతో దండించుట చాలక సువార్తతోకూడ దండించునా యని మనస్సు మండెను. విట్టెన్‌బర్గు మఠపు గోపురములోని గదిలో రేయింబవళ్లు ఆ వచనమునే పట్టుకొని కూర్చుండగా, తుదకు దాని చివరిమాటలపై దృష్టి నిలిచెను. నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించునని అక్కడనే యున్నది గదా. అప్పుడు తెలిసెను: ఇక్కడి నీతి దేవుడు మనుష్యునినుండి రాబట్టునది కాక, క్రీస్తుద్వారా మనుష్యునికి ఉచితముగా ఇచ్చునది. పరలోకద్వారము తనకు తెరువబడినట్లు ఆయన భావించెను. ఇది ఏ సంవత్సరమున జరిగెనను విషయమున పండితులలో నేటికిని భేదాభిప్రాయము కలదు; 1545లో ఆయన తన లాటిను గ్రంథములకు వ్రాసిన పీఠికలో ఈ కథను తానే చెప్పెను.

విద్యార్థులు ఒక విషయము గమనింపవలెను. దేవుడు కఠినుడనుకొంటిని, కాదు మెత్తనివాడే యని లూథరు తేల్చుకొనలేదు. దేవుని పరిశుద్ధత ఆయనకు మునుపు ఎంత భయంకరమో తరువాతను అంతే. పాపమునకు తీర్పు తప్పదనియు, ఆ తీర్పును సిలువమీద దేవుని కుమారుడే భరించెననియు ఆయన గ్రహించెను. న్యాయాధిపతి నేరమును కొట్టివేయలేదు; తానే న్యాయస్థానమునుండి దిగివచ్చి శిక్షను అనుభవించెను. కాబట్టి సిలువవద్ద పరిశుద్ధతయు ప్రేమయు ఒకదానినొకటి తగ్గించుకొనలేదు. చిన్నతనమున చూచిన చిత్రములోని పువ్వును కత్తియు ఒక్కని చేతిలోనివే.

ఇది తెలిసినవానికి క్షమాపణ పత్రముల వర్తకము ఎట్లు సహ్యమగును? రోములో పేతురు దేవాలయ నిర్మాణమునకని పోపు 10వ లియో అనుమతించిన ఆ పత్రములను టెట్జెలు అను సన్న్యాసి విట్టెన్‌బర్గు పొలిమేరలకు చేరువగా అమ్ముచుండెను. వచ్చిన సొమ్ములో సగము మైంట్సు ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు తన పదవికై ఫుగ్గరు సాహుకార్లయొద్ద తీసికొనిన అప్పు తీరుటకు పోవుచుండెనని లూథరునకు అప్పటికి తెలియదు. పత్రము కొనిన సామాన్యులు పశ్చాత్తాపముతో ఇక పనిలేదని ఇండ్లకు పోవుట మాత్రము ఆయన ఎరుగును. వెలకట్టి అమ్మిన క్షమాపణవలన పాపము చులకనయగును. దేవుని ప్రేమ అంగడిసరుకగును. 1517 అక్టోబరు 31వ తేదీన 95 సిద్ధాంతములు వ్రాసి, ఉత్తరముతోకూడ ఆర్చిబిషప్పునకు పంపెను. వానిని కోటదేవాలయపు తలుపునకు మేకులతో కొట్టెనను ప్రసిద్ధమైన కథను నేటి చరిత్రకారులు కొందరు ఒప్పుకొనరు. మొదటి సిద్ధాంతము విశ్వాసి జీవితమంతయు మారుమనస్సే యని తెల్పుచున్నది. క్షమాపణ ఉచితమని కనుగొనినవాడే పశ్చాత్తాపమును జీవితకాలపు పనిగా చేసెను.

ఆ పిమ్మటి కథ పాఠ్యపుస్తకములలో విరివిగా నున్నది గనుక క్లుప్తముగా చెప్పెదను. 1520 డిసెంబరులో పోపు ఆజ్ఞాపత్రమును కాల్చివేసెను. 1521 జనవరిలో వెలివేయబడెను. ఏప్రిలులో వోర్మ్సు సభయందు 5వ చార్లెసు చక్రవర్తి యెదుట తన గ్రంథములను త్రోసిపుచ్చుమనగా ఒక దినము గడువడిగి, మరునాడు నిరాకరించెను. ఆ గడువడుగుటను కొందరు పిరికితనమందురు. దేవునికి భయపడుటకు అలవాటుపడినవాడు తొందరపడి జవాబు చెప్పడని నా యభిప్రాయము. తరువాత సాక్సనీ ప్రభువైన ఫ్రెడరికు ఆయనను వార్ట్‌బర్గు కోటలో దాచిపెట్టగా, అక్కడ సుమారు పదకొండు వారములలో క్రొత్త నిబంధనను గ్రీకునుండి జర్మను భాషలోనికి త్రిప్పెను. 1522 సెప్టెంబరున అది అచ్చుపడెను. బైబిలంతయు 1534లో వెలువడెను. ఇంటిలోని తల్లి, వీధిలోని బిడ్డ, సంతలోని మనిషి ఎట్లు మాటలాడుదురో వినియే అనువదింపవలెనని ఆయన నియమము. ఆయన పేరు ధరించిన సంఘమువారే మన భాషకును ఆ పని ఆరంభించిరి. బెంజమిను షుల్జు అను దొర 18వ శతాబ్దిలో చెన్నపట్టణమున బైబిలును తెలిగించుటకు పూనుకొనెను. 1842లో హయ్యరు దొర గుంటూరునకు వచ్చిన కథ మన పెద్దలెరిగినదే.

1525 జూనున లూథరు కాథరీనా ఫాన్ బోరాను పెండ్లాడెను. ఆమె మఠము విడిచివచ్చిన కన్యక. పాడి, తోట, చేపలచెరువు, బస చేసిన విద్యార్థుల భోజనము అన్నియు ఆమె చేతిమీదుగనే జరిగెను. ఆరుగురు బిడ్డలు కలిగిరి. దేవుని తండ్రియని పిలుచుటలోని అర్థము తొట్టెదగ్గర తనకు మరింత తెలిసెనని ఆయన పలుమారు సూచించెను.

ఆ కాలముననే ఆయన సాక్సనీ గ్రామములను దర్శించి, పల్లెప్రజలకును, కొందరు బోధకులకును పది ఆజ్ఞలైనను రాకపోవుట చూచి దుఃఖించెను. 1529లో చిన్న ప్రశ్నోత్తరిని వ్రాసెను. ఇంటి యజమానుడు తన బిడ్డలకును పనివారికిని నేర్పుటకై అది ఉద్దేశింపబడినది. దానిలో ఆజ్ఞలన్నిటి వివరణములును ఒకేరీతిగా మొదలగును; దేవునికి భయపడుట, దేవుని ప్రేమించుట అను రెండును జంటగానే చెప్పబడును. నరహత్య, దొంగతనము, అబద్ధసాక్ష్యము, పొరుగువాని యాశ, ఏ ఆజ్ఞయైనను సరే, ఈ జంట విడువబడదు. భయమును ప్రేమయు పొసగక మఠమున నలిగిన మనుష్యుడు, ఇరువది సంవత్సరముల తరువాత ఆ రెండింటిని ఐదేండ్ల బిడ్డ నోట ఒకే ఊపిరిలో పలికించుచున్నాడు! బానిసకు కొరడాయన్న భయము. మంచి బిడ్డకు తండ్రి మనస్సు నొచ్చునేమో యన్న భయము. మొదటిది ప్రేమ పెరిగినకొలది నశించును, రెండవది ప్రేమతోకూడ పెరుగును. మన పిల్లలు ఈ పాఠమును వల్లించునప్పుడు ఆ మొదటిమాటలను గబగబ దాటిపోవుట నేను చాలమారులు వినియున్నాను.

దీనికి విరోధముగా మాటలాడినవాడు పరాయివాడు కాడు. ఐస్లెబెన్ పట్టణమున బడిపంతులుగా నుండిన యోహాను అగ్రికోలా లూథరునకు చిరకాల మిత్రుడు. క్రైస్తవులకు ధర్మశాస్త్రము బోధింప బనిలేదనియు, క్రీస్తు ప్రేమను ప్రకటించినచాలు పశ్చాత్తాపము దానంతట అదియే కలుగుననియు 1537 ప్రాంతమున అతడు వాదించెను. లూథరు దీనిని గట్టిగా ఖండించెను. రోగమెరుగనివాడు మందు త్రాగడు. దేవుని పరిశుద్ధతను మరుగుపరచిన బోధ, సిలువ ఎందుకు కావలసివచ్చెనో చెప్పలేదు. ఒకప్పుడు ప్రేమను మరుగుపరచినవారితో పోరాడినవాడే ఇప్పుడు పరిశుద్ధతను మరుగుపరచినవారితో పోరాడవలసివచ్చెను. 1540లో అగ్రికోలా బెర్లినునకు వెడలిపోయెను. ఆ స్నేహము మరల అతుకలేదు.

ఇంతటివాని దోషములను కప్పిపుచ్చుట చరిత్ర వ్రాయువానికి తగదు. 1525లో రైతులు తిరుగబడినప్పుడు వారిని నిర్దాక్షిణ్యముగా అణచుడని ప్రభువులను పురికొల్పుచు ఆయన వ్రాసిన గ్రంథము, వేలకొలది రైతులు చంపబడుచున్న సమయమున ప్రజలచేతికి వచ్చెను. 1543లో యూదులపై వ్రాసినది మరింత ఘోరము. వారి ప్రార్థనామందిరములను కాల్చుడనియు, ఇండ్లు పడగొట్టుడనియు సలహా చెప్పెను. నాలుగువందల సంవత్సరముల తరువాత జర్మనీలో యూదులను హింసించినవారు ఆ వ్రాతలను సంతోషముతో వాడుకొనిరి. 1994లో అమెరికా దేశపు సువార్త లూథరను సంఘము వానిని బహిరంగముగా త్రోసిపుచ్చెను. దేవుని ప్రేమ యోగ్యతను చూడదని లోకమునకు చాటినవాడు, ఆ ప్రేమకు కొందరు మనుష్యులను వెలిగా నుంచెను. ఆయన బోధకొలతతోనే ఆయనను కొలిచినయెడల ఇది పాపము. వేరు మాట చెప్పరాదు. పోపుల సంఘముతో కలిగిన వివాదము మాత్రము కొంత చల్లారినది. మనుష్యుడు కృపచేత నీతిమంతుడుగా తీర్చబడుటను గూర్చి రోమను కథోలిక సంఘమును లూథరను ప్రపంచ సమాఖ్యయు 1999 అక్టోబరు 31వ తేదీన ఆగ్స్‌బర్గు పట్టణమున కలసి ఒక ప్రకటనపై చేవ్రాళ్లు చేసిరి.

1542 సెప్టెంబరున ఆయన కుమార్తె మాగ్దలేనా పదుమూడేండ్ల ప్రాయమున జబ్బుపడెను. పసిదైన ఎలిజబెతును 1528లోనే పోగొట్టుకొనిన తండ్రి ఈమెపై ప్రాణములు పెట్టుకొనియుండెను. మంచముదగ్గర మోకరించి, బిడ్డను ఎంతో ప్రేమించుచున్నాననియు, అయినను దేవుని చిత్తమే జరుగుగాక యనియు ప్రార్థించెను. ఈ తండ్రియొద్ద నుండుటకును ఆ తండ్రియొద్దకు పోవుటకును సమ్మతమేనా యని ఆమెను అడుగగా, దేవుని చిత్తప్రకారమని ఆమె జవాబిచ్చెను. 20వ తేదీన తండ్రి చేతులలోనే కన్నుమూసెను. ఆమె క్షేమముగా నున్నదని నిశ్చయముగా ఎరిగియు ఇంత దుఃఖము కలుగుట వింతగా నున్నదని ఆయన పెట్టెదగ్గర నిలిచి చెప్పెను. చిన్ననాడు కత్తిగా మాత్రమే కనబడిన ఆ చేతికి, తన ప్రియమైన బిడ్డను అప్పగించి, ఏడ్చుచు, దానిని దూషింపక ఇంటికి మరలెను.

1546 జనవరిలో మాన్స్‌ఫెల్డు ప్రభువులలో కలిగిన తగవు తీర్చుటకై, ఆరోగ్యము చెడియున్నను, మంచులో ప్రయాణముచేసి తాను పుట్టిన ఐస్లెబెన్ చేరెను. తగవు తీరెను. ఫిబ్రవరి 18వ తేదీ తెల్లవారకముందే, గుండెనొప్పిచేత, తన ఆత్మను దేవునికి అప్పగించుకొనుచు మరణించెను. అప్పటికి ఆయనకు 62 సంవత్సరములు. రెండు దినములకు ముందు ఆయన వ్రాసిన చిన్న కాగితమొకటి దొరికెను. పశువులు కాచినవాడు గాని, పొలము దున్నినవాడు గాని కాకున్న వర్జిలు కావ్యములు బోధపడవనియు, నూరేండ్లు ప్రవక్తలతోకూడ సంఘమును నడిపినవాడు తప్ప పరిశుద్ధ గ్రంథమును తగినంత రుచి చూచితినని తలపరాదనియు దానిలో వ్రాసియుండెను. చివర మనమందరము భిక్షకులమే యని వ్రాసి ముగించెను. శవమును విట్టెన్‌బర్గునకు తెచ్చి, ఫిబ్రవరి 22వ తేదీన కోటదేవాలయమున, ప్రసంగపీఠమునకు దగ్గరగా పాతిపెట్టిరి.